నచ్చిన పాటను నలుగురి చెవిన వేయడం ఎలా? నెలవారీ పాటల కూడికకు ఒక సమగ్ర మార్గదర్శి

మా బంధువుల వాట్సాప్ గ్రూపులో 36 మందిమి ఉన్నాం. ఒకప్పుడు పొద్దున్నే ఫోన్ తెరిస్తే వరసగా పాటల లింకులే. పెదనాన్న ఘంటసాల పద్యం పెడితే, దాని కిందే మా మేనకోడలు ఇంగ్లీషు ర్యాప్ పెట్టేది. బాబాయి కవ్వాలీ పంపేవాడు. ఒకసారి నేను ఎంతో ఇష్టంగా చిట్టిబాబు వీణ పంపించాను. పది నిమిషాల్లో 14 దండాల బొమ్మలు వచ్చాయి. ఆ నెలలోనే ఒక పెళ్లిలో అందరం కలిస్తే, "వీణ ఎలా ఉంది?" అని ఒక్కొక్కరినీ అడిగాను. విన్నది మా చిన్నత్త ఒక్కతే. ఆవిడ కూడా, "సగం దాకా విన్నాను రా, ఇంతలో పాలబ్బాయి వచ్చాడు. మళ్లీ ఎక్కడుందో దొరకలేదు" అంది.

లింకు చేరినంత మాత్రాన పాట చేరినట్టు కాదని ఆ రోజు తెలిసింది. ఆ తర్వాత నెలకో ఆదివారం సాయంత్రం మా ఇంట్లో కూర్చుని పాటలు వినడం మొదలుపెట్టాం. నాలుగేళ్లయింది. త్యాగరాజ కీర్తన నుంచి మాలి దేశపు తీగ వాద్యం కోరా దాకా ఆ గదిలో విన్నాం. ఎనిమిది మంది అభిరుచులు ఎనిమిది దిక్కులుగా ఉన్నా, ఒకరి పాట ఇంకొకరికి నిజంగా చేరాలంటే ఏం చేయాలో ఈ నాలుగేళ్లలో తెలిసినదంతా ఇక్కడ వరసగా చెబుతాను. సంగీతం నేర్చుకుని ఉండనక్కర్లేదు, వినే ఓపిక ఉంటే చాలు.

మొదటి అడుగు: మీ చిట్టా మీరు రాసుకోండి

ఒక నోటు పుస్తకం తీసుకుని, ఫోన్ పక్కన పెట్టి, గుర్తున్న పాటలు గుర్తున్నట్టు రాయండి. యాప్ చూసి రాస్తే అది మీరు మొన్న విన్నవే చూపిస్తుంది. మీకు నిజంగా ప్రాణమైన పాట పదేళ్లుగా మీరు వినకుండా ఉన్నది కూడా కావచ్చు.

పేజీకో రకం పెట్టుకోండి. నా పుస్తకంలో ఉన్న పేజీలు ఇవి: కర్ణాటక గాత్రం, వాద్య సంగీతం, పాత సినిమా, కొత్త సినిమా, లలిత గీతాలు, జానపదం, ఉద్యమ గీతం, హిందుస్తానీ, గజల్, కవ్వాలీ, జాజ్, ఆఫ్రికా, ర్యాప్. చివరి పేజీ ఇంటి పాటలకు, అంటే అమ్మమ్మలు, నాయనమ్మలు పాడిన హారతులు, గొబ్బి పాటలు, దంపుళ్ల పాటలకు. ఒక్కో పేజీలో ఐదుకు మించి రాయొద్దు. ఐదే అంటే ఏది ఉంచాలో ఏది తీసేయాలో ఆలోచిస్తారు, ఆ ఆలోచనలోనే మీకు ఏది ఎందుకు ఇష్టమో బయటపడుతుంది. కొన్ని పేజీలు ఖాళీగా ఉండిపోతాయి. వాటిని అలాగే ఉంచండి. కూడికలో ఇతరులను అడగాల్సింది వాటి గురించే.

ప్రతి పాట పక్కన పాడినవారు, రాసినవారు, బాణీ కట్టినవారు, వచ్చిన సంవత్సరం రాయండి. ఇది నేను గట్టిగా చెప్పే మాట. మన దగ్గర పాట అనగానే హీరో పేరు చెబుతారు, మహా అయితే గాయకుడి పేరు. పింగళి నాగేంద్రరావు రాశారని, పెండ్యాల నాగేశ్వరరావు స్వరపరిచారని తెలిశాక "శివశంకరీ" పాట నాకు ఇంకా పెద్దదైంది. 1957 నాటి "మాయాబజార్" సంగీతం ఘంటసాల పేరు మీదే ఉంది, కానీ అందులో కొన్ని బాణీలు ముందే సాలూరు రాజేశ్వరరావు కట్టి ఉంచినవి. "లాహిరి లాహిరి లాహిరిలో" కూడా వాటిలో ఒకటి. ఈ సంగతి చెప్పి పాట వినిపిస్తే, వందసార్లు విన్నవాళ్లు కూడా ఆ బాణీని కొత్తగా వింటారు. పేర్లన్నీ చెప్పడం కళాకారులకు మనం ఇచ్చే కనీస గౌరవం కూడా.

రెండో అడుగు: ఒక్క మనిషిని మనసులో పెట్టుకోండి

వివిధభారతిలో జనరంజని విన్నవాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు. శ్రోతలు ఉత్తరాలు రాసి పాట కోరేవారు. పాటకు ముందు ఊరి పేరు, మనుషుల పేర్లు చదివేవారు. ఆ పేర్లు విన్న తర్వాత ఆ పాట ఎవరిదో తెలిసినట్టు ఉండేది. మన ఫార్వర్డుల్లో లేనిది సరిగ్గా అదే. 36 మందికి పంపితే ఎవరికీ పంపనట్టే.

అందుకే ఒకరిని ఎంచుకోండి. ఆ మనిషి వంట చేస్తూ ఏం కూనిరాగం తీస్తుందో గమనించండి. బస్సులో ఏ పాట వస్తే మాట ఆపి వింటాడో చూడండి. నాకు తెలిసి శ్రోతల్లో కొందరు మాట కోసం వింటారు. వాళ్లకు సాహిత్యం అర్థం కాకపోతే పాట పట్టదు. కొందరు బాణీ మనుషులు, మాటలు పదేళ్ల తర్వాత కూడా తప్పే పాడతారు, కానీ గమకం, అంటే స్వరాన్ని ఊపి పలికే తీరు, మాత్రం తప్పరు. ఇంకొందరికి దరువు ముఖ్యం, వేళ్లు ముందు కదులుతాయి, చెవి తర్వాత. మా పెదనాన్న మొదటి రకం, బాబాయి మూడో రకం. పెదనాన్నకు మొదటిసారే వాద్య సంగీతం వినిపించి నేను తప్పు చేశాను. ఆయనకు ముందు మాట కావాలి.

మూడో అడుగు: వంతెన వెతకండి

ఈ మార్గదర్శిలో అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే, అందుకే ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను. మీకు నచ్చిన కొత్త రకం పాటను నేరుగా తెచ్చి ఎదుటివారి ముందు పెట్టకండి. వాళ్లు ఇప్పటికే ప్రేమించే పాటలో ఏముందో చూడండి. అదే లక్షణం మీ పాటలో ఎక్కడుందో వెతకండి. రెండిటినీ పక్కపక్కన వినిపించండి.

అన్నిటికంటే సులువైన వంతెన రాగం. మోహన రాగం తీసుకోండి. అందులో ఐదే స్వరాలు, స రి గ ప ద. మధ్యమం (మ), నిషాదం (ని) లేవు. త్యాగరాజస్వామి "నను పాలింప నడచి వచ్చితివో" ఈ రాగమే. ఇందాక చెప్పిన "లాహిరి లాహిరి" కూడా ఇదే. హిందుస్తానీలో దీనికి దగ్గరి రాగాన్ని భూప్ అంటారు. కిశోరీ ఆమోణ్‌కర్ పాడిన "సహేలా రే" భూప్‌లోనిది. 1961లో సుధీర్ ఫడ్కే స్వరపరచగా లతా మంగేష్కర్ పాడిన "జ్యోతి కలశ్ ఛల్కే" కూడా అంతే. చైనా వాళ్ల ప్రసిద్ధ జానపద గీతం ఒకటుంది, మల్లెపువ్వు గురించి. అదీ ఈ ఐదు స్వరాల చుట్టూనే తిరుగుతుంది. ఈ ఐదు పాటలూ ఇదే వరసలో వినిపిస్తే అరగంట. "లాహిరి" తెలిసిన మనిషి కళ్ల ముందే ఆ రాగం చైనా దాకా నడిచి వెళ్తుంది.

ఇంట్లో హార్మోనియం గానీ చిన్న కీబోర్డు గానీ ఉంటే దీన్ని చూపించవచ్చు కూడా. నల్ల మెట్లు చూడండి, రెండు ఒక జట్టు, మూడు ఒక జట్టుగా ఉంటాయి. మూడింటి జట్టులో మొదటి మెట్టును షడ్జమం, అంటే స అనుకుని, తెల్లవి ముట్టకుండా పై షడ్జమం దాకా నల్ల మెట్లు మాత్రమే వరసగా నొక్కండి. మోహన వినిపిస్తుంది. ఇప్పుడు అదే జట్టులో మూడో మెట్టును షడ్జమం అనుకుని మళ్లీ నల్లవే నొక్కండి. అది హిందోళం! అవే ఐదు మెట్లు, మొదలుపెట్టిన చోటు మారింది, రాగం మారిపోయింది. దీన్నే గ్రహభేదం అంటారు. మా మేనకోడలు దీన్ని మొదటిసారి చేసినప్పుడు రెండు నిమిషాలు మాట్లాడలేదు. తర్వాత, "మావయ్యా, ఇంకో మెట్టు మీద మొదలుపెడితే?" అంది. మూడింటి జట్టులో నడిమిది షడ్జమమైతే మధ్యమావతి వస్తుంది. రెండింటి జట్టులో మొదటిదైతే శుద్ధ సావేరి, రెండోదైతే శుద్ధ ధన్యాసి. ఆ సాయంత్రం ఇక ఏ పాటా పెట్టలేదు, ఆ ఐదు మెట్లతోనే సరిపోయింది.

హిందోళం దొరికాక దారి ఇంకో వైపు వెళ్తుంది. త్యాగరాజ కీర్తన "సామజ వర గమన", 1964 నాటి "పూజాఫలం"లో సాలూరు రాజేశ్వరరావు సంగీతానికి ఎస్. జానకి పాడిన "పగలే వెన్నెలా", రెండూ హిందోళమే. హిందుస్తానీలో దీనికి సాటి మాల్కౌంస్. 1952లో వచ్చిన "బైజూ బావ్‌రా"లో నౌషాద్ స్వరపరచి, షకీల్ బదాయునీ రాసి, మహమ్మద్ రఫీ పాడిన హరి భజన "మన్ తడ్‌పత్ హరి దర్శన్ కో ఆజ్" ఆ రాగంలోనిదే. ఆ మూడు పేర్లూ చెప్పి పాట వినిపించండి. ఇంకేమీ అనకండి.

రెండో వంతెన వాద్యం. గిటార్ వాయించే కుర్రాడికి కర్ణాటక సంగీతం పరిచయం చేయాలంటే గాత్రంతో మొదలుపెట్టకండి. పాలకొల్లులో 1969లో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ దగ్గరకు తీసుకెళ్లండి. పడమటి వాద్యమైన ఎలక్ట్రిక్ మాండలిన్ మీద ఆయన గమకాలు పలికించాడు. కుర్రాడు ముందు ఆ వేళ్ల వేగానికి ఆగుతాడు, తర్వాత రాగానికి ఆగుతాడు. ఆ పైన శ్రీనివాస్ 1995లో మైకేల్ బ్రూక్‌తో చేసిన "డ్రీమ్" ఆల్బమ్, జాన్ మెక్‌లాఫ్లిన్, జాకిర్ హుస్సేన్‌లతో రిమెంబర్ శక్తి బృందంలో వాయించినవి. ఈ దారి అటూ ఇటూ నడవవచ్చు. కర్ణాటక సంగీతం మాత్రమే వినే పెద్దవారికి గిటార్ వినిపించడానికి కూడా ఇదే దారి.

నాకు బాగా గుర్తున్న సాయంత్రం ఒకటి చెబుతాను. దర్శనం మొగిలయ్య వాయించే తీగ వాద్యం, 12 మెట్ల కిన్నెర వినిపించాం. నాగర్‌కర్నూల్ జిల్లా మనిషి, డక్కలి కులానికి చెందిన కళాకారుడు, 2022లో పద్మశ్రీ వచ్చింది. ఆయన పాడే జానపద వీరుడు పండుగ సాయన్న కథ అంటే మా ఇంట్లో అందరికీ ఇష్టం. అది అయిపోగానే, ఏమీ చెప్పకుండా, మాలి దేశస్థుడు తుమానీ జబాతే వాయించిన కోరా పెట్టాను. పెదనాన్న కళ్లు మూసుకుని విన్నారు. పాట అయ్యాక ఫోన్‌లో కోరా బొమ్మ చూపించాను. పెద్ద సొరకాయ బుర్రను సగానికి కోసి, తోలు బిగించి, 21 తీగలు కడతారు. ఆయన అద్దాలు పైకి జరుపుకుని దగ్గరగా చూసి, "ఇదీ బుర్రేనా? మన కిన్నెరకు కట్టినట్టే కట్టారే!" అన్నారు. అప్పుడు చెప్పాను. కోరా వాయించేవాళ్లు అక్కడ వంశపారంపర్య గాయకులు, పాత రాజుల కథలు, కుటుంబాల వంశ చరిత్రలు పాడతారు. మన డక్కలివాళ్లు పాడినట్టే. మాట కోసం వినే పెదనాన్నకు ఒక్క ముక్క అర్థం కాని ఆ పాట కథగా చేరింది. తర్వాతి నెల ఆయనే అడిగి, అలీ ఫర్కా తూరేతో కలిసి తుమానీ చేసిన ఆల్బమ్ పెట్టించుకున్నారు.

మూడో వంతెన పాడే పద్ధతి. చెక్కభజన చూసి పెరిగినవారికి కవ్వాలీ పరాయిది కాదు. ఒకరు చరణం అందుకుంటారు, మిగతావాళ్లు తిరిగి అంటారు, చప్పట్లతో వేగం మెల్లగా పెరుగుతుంది. హైదరాబాద్ వార్సీ సోదరులతో మొదలుపెట్టి నుస్రత్ ఫతే అలీ ఖాన్ దగ్గరకు వెళ్లండి. రాగాలాపన అలవాటైనవారికి జాజ్ పరిచయం చేయాలంటే మైల్స్ డేవిస్ 1959లో చేసిన "కైండ్ ఆఫ్ బ్లూ" సరైనది. అందులో వాద్యకారులు క్షణక్షణానికీ మారే కార్డ్స్ (కలిపి మోగించే స్వరాల గుత్తులు) వెంట పరుగెత్తరు, ఒక స్వరశ్రేణిని పట్టుకుని అల్లుకుంటూ పోతారు. ఆ రికార్డులో శాక్సోఫోన్ వాయించిన జాన్ కోల్ట్రేన్‌కు మన సంగీతమంటే ఎంత గౌరవమంటే, పండిట్ రవిశంకర్ పేరు మీద తన కొడుక్కి రవి అని పెట్టుకున్నాడు. ఇక పడమటి శాస్త్రీయ స్వరకర్త బాఖ్ సంగీతం వినిపించాలంటే ఇళయరాజా 1986 నాటి "హౌ టు నేమ్ ఇట్" ఉండనే ఉంది. త్యాగరాజునూ బాఖ్‌నూ ఆయన ఒకే గదిలో కూర్చోబెట్టారు.

గొంతు కూడా వంతెనే. 1979లో "గుప్పెడు మనసు"కు మంగళంపల్లి బాలమురళీకృష్ణ పాడిన "మౌనమె నీ భాష" తెలియని ఇల్లు మన దగ్గర అరుదు. అదే గొంతులో "ఏమి సేతురా లింగా" తత్వం, ఆ తర్వాత "పలుకే బంగారమాయెనా" అనే రామదాసు కీర్తన, ఆ తర్వాత త్యాగరాజ పంచరత్న కీర్తన. సినిమా పాట విన్న చెవి పంచరత్నం దాకా నాలుగు మెట్లలో వెళ్తుంది.

నాలుగో అడుగు: ఏ రికార్డింగో తేల్చుకోండి

ఒకే కీర్తన యాభై మంది పాడి ఉంటారు. మొదటిసారి వినేవారికి నిడివి తక్కువ ఉన్నది ఇవ్వండి. 78 ఆర్‌పీఎం రికార్డుకు ఒక్కో వైపు సుమారు మూడు నిమిషాలే పట్టేది. అందుకే ఆ కాలపు విద్వాంసులు రాగం, కీర్తన, చిట్టస్వరం (ముందే కూర్చి ఉంచిన స్వరాల వరస) అన్నీ ఆ మూడు నిమిషాల్లో ఇమిడ్చారు. ద్వారం వెంకటస్వామి నాయుడి వయొలిన్ లాంటి పాత రికార్డులు మొదటి పరిచయానికి ఎంత బాగుంటాయో చెప్పలేను. గరగర శబ్దం ఉంటుందని ముందే చెప్పండి. చెబితే దాన్ని దాటి వింటారు. కచేరీలో గంటసేపు విస్తరించి పాడే రాగం తానం పల్లవి మూడో నెలకో నాలుగో నెలకో ఉంచుకోండి.

రీమిక్స్, స్లోడ్ (వేగం తగ్గించినవి), ఎనిమిది వైపులా శబ్దం తిప్పేవి ఇవ్వకండి. అసలు పాట విన్నాక ఎవరైనా సరదాగా అవి వింటే అది వాళ్ల ఇష్టం.

ఐదో అడుగు: పాటతో పాటు రెండు మాటలు రాయండి

రెండే మాటలు. "అద్భుతం, తప్పక వినండి" అని రాస్తే ఏమీ రాయనట్టే. ఎక్కడ చెవి పెట్టాలో చెప్పండి. నేను మా బాబాయికి పంపిన ఒక మెసేజ్ ఇది: "బాబాయ్, ఇది షేక్ చినమౌలానా గారి నాదస్వరం. ప్రకాశం జిల్లా కరవదిలో పుట్టి శ్రీరంగంలో స్థిరపడ్డారు. పాట సంగతి తర్వాత, ముందు డోలు వింటూ తాళం వేస్తూ ఉండు." దరువు మనిషికి అది చాలు. అదే నాదస్వరం పెదనాన్నకైతే కీర్తన సాహిత్యం ముందు టైప్ చేసి పంపిస్తాను, స్వరంలో మాటలు వెతుక్కుంటూ వింటారు.

నిమిషం, సెకను రాయడం బాగా పనిచేస్తుంది. "రెండో చరణం తర్వాత వచ్చే వేణువు కోసం ఆగు" అంటే అక్కడిదాకా ఆగుతారు. యూట్యూబ్‌లో కావాల్సిన చోటు నుంచే మొదలయ్యేలా లింకు తీసుకోవచ్చు, కానీ నేను ఆ పని చేయను. ముందు భాగం వినకుండా ఆ వేణువు దగ్గరకు వెళ్తే దానికి విలువుండదు.

వేరే భాష పాటైతే నాలుగు పంక్తుల అర్థం మీ మాటల్లో రాయండి. గజల్‌కు ఇంకొక్కటి చెప్పాలి. అందులో ప్రతి రెండు పాదాలూ దేనికదే పూర్తి పద్యం. కథలా సాగుతుందని ఎదురుచూస్తే తికమక పడతారు. రెండో పాదం చివర తిరిగి తిరిగి వచ్చే మాటను రదీఫ్ అంటారు, దానికి ముందున్న ప్రాసను కాఫియా అంటారు. ఆ మాట ఎప్పుడు వస్తుందా అని కాచుకుని వినడమే సగం ఆనందం. డాక్టర్ సి. నారాయణరెడ్డి తెలుగు గజళ్లు ముందు వినిపిస్తే ఈ పద్ధతి చెవికి అలవాటవుతుంది, ఆపైన మెహదీ హసన్ ఉర్దూ గజల్ భయపెట్టదు.

ఒక చిన్న విషయం. అందరి ఫోన్లలో ఒకే యాప్ ఉండదు. ఒకరికి స్పాటిఫై, ఇంకొకరికి జియోసావన్, పెద్దవాళ్లకు యూట్యూబ్. లింకుతో పాటు పాట పేరు, గాయకుల పేరు తెలుగులోనూ ఇంగ్లీషులోనూ టైప్ చేయండి. లింకు తెరుచుకోకపోయినా వెతుక్కుంటారు. మా చిన్నత్తకు ఆ రోజు వీణ మళ్లీ దొరక్కపోవడానికి కారణం నేను పేరు రాయకపోవడమే.

ఆరో అడుగు: కూడిక రోజు

ఆరుగురి నుంచి ఎనిమిది మంది దాకా బాగుంటుంది. పది దాటితే కబుర్లు పెరుగుతాయి. మనిషికో పాట, ఎనిమిది నిమిషాలకు మించకూడదు. రెండు గంటల్లో అయిపోవాలి. ఇంకాసేపు ఉంటే బాగుండు అనిపించినప్పుడే లేవాలి.

పాటలన్నీ ముందు రోజే డౌన్‌లోడ్ చేసి ఉంచుకోండి. ఆలాపన మధ్యలో ప్రకటన వస్తే ఆ గదిలో కూడిన నిశ్శబ్దం మళ్లీ కూడదు. స్పీకర్‌ను గోడ మూలలో పెట్టకండి, బేస్ ఉబ్బిపోయి మృదంగం పీపా చప్పుడులా వినిపిస్తుంది. గోడకు రెండడుగులు ముందుకు జరిపి, కూర్చున్నవారి చెవి ఎత్తులో స్టూలు మీద పెట్టండి. ఇప్పటి పాటలను బాగా గట్టిగా వినిపించేలా తయారుచేస్తారు, పాత రికార్డులు మెల్లగా ఉంటాయి. పాతదాని తర్వాత కొత్తది పెట్టే ముందు సౌండ్ తగ్గించడం మరచిపోకండి. లేకపోతే అందరూ ఉలిక్కిపడతారు, ఆ పాట మీద మొదటి కోపం అక్కడే వస్తుంది.

మేం పెట్టుకున్న నియమాల్లో బాగా పనిచేసినది, పాట అయ్యేదాకా పేరు చెప్పకపోవడం. "ఇది ర్యాప్" అని ముందే అంటే పెద్దవాళ్లు నవ్వుతూ వెనక్కి వాలిపోతారు. "ఇది త్యాగరాజ కీర్తన" అంటే పిల్లలు ఫోన్ వైపు చూస్తారు. పేరు లేకుండా వింటే చెవి ఒక్కటే పనిచేస్తుంది. పాట అయ్యాక అర నిమిషం మౌనం. తర్వాత వినిపించినవాళ్లు రెండు నిమిషాలు మాట్లాడాలి, ఇది నాకెక్కడ దొరికింది, నాకెందుకు ఇష్టం అని. మిగతావాళ్లు బాగుంది, బాగాలేదు అనకుండా ఏం వినిపించిందో చెప్పాలి. "మధ్యలో ఎవరో దగ్గినట్టుంది" అన్నా సరే, అది విన్నట్టు లెక్క.

వరస గురించి ఒక మాట. మెల్లని ఆలాపన తర్వాత వెంటనే డప్పు పెట్టకండి, ఆలాపన కొట్టుకుపోతుంది. డప్పు, ఉద్యమ గీతాలు మధ్యలో ఉండాలి. గద్దర్, వంగపండు, గోరటి వెంకన్న పాటలు వచ్చాయంటే గదిలో అందరూ గొంతు కలుపుతారు, తర్వాత కాసేపు విరామం కావాలి. టీ, మిరపకాయ బజ్జీలు అప్పుడే. పాట నడుస్తుండగా తినేవి పెట్టకండి, వీణ వింటున్నప్పుడు చేగోడీ కొరికిన చప్పుడు ఎంత పెద్దగా ఉంటుందో అప్పుడు తెలుస్తుంది. ముగింపుకు మేం మధ్యమావతి పెట్టుకుంటాం, కచేరీల్లో చివర పాడే అలవాటు ఉన్న రాగం కదా.

ఏడో అడుగు: వాళ్ల పాటను మీరు వినండి

మీ పాట వాళ్లు వినాలని కోరుకుంటే, వాళ్ల పాటను మీరు మూడుసార్లు వినాలి. మొదటిసారి కొత్తదనం అడ్డొస్తుంది. రెండోసారి ఎక్కడ ఏం వస్తుందో తెలుస్తుంది. మూడోసారికి గానీ ఇష్టమో కాదో చెప్పలేం.

మా మేనకోడలు తెచ్చిన ర్యాప్ నాకు మొదట పట్టలేదు. పాట ఏదీ, మాట్లాడుతున్నారు కదా అనిపించింది. ఆ అమ్మాయి ఓపికగా చెప్పింది. 1973లో న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో కూల్ హెర్క్ అనే డీజే ఒక పార్టీలో, పాటలో డ్రమ్స్ మాత్రమే వినిపించే చిన్న ముక్కను రెండు రికార్డుల మీద మార్చి మార్చి వేస్తూ సాగదీశాడట. జనం ఆ ముక్క కోసమే ఆగి ఆడేవారని అతను గమనించాడు. ఆ దరువు మీదే మాట వచ్చి చేరింది. అప్పుడు నాకు బుర్రకథ గుర్తొచ్చింది. షేక్ నాజర్ కథ చెబుతుంటే డక్కీల దరువు మీద మాట పరుగెత్తే తీరు, ఊపిరి ఎక్కడ తీసుకుంటారో తెలియకుండా వచనం పాటలోకి జారిపోయే తీరు. నేను ఆ అమ్మాయికి నాజర్ వినిపించాను. "ఈయన ఫ్లో ఏంటి మావయ్యా ఇలా ఉంది!" అంది. ఆ రోజు నుంచి నా పుస్తకంలో ర్యాప్ పేజీ ఖాళీగా లేదు.

ఎంత విన్నా నచ్చకపోతే నచ్చలేదని చెప్పండి. అబద్ధం చెబితే అలాంటివే ఇంకో పది వస్తాయి. మీ పాట వాళ్లకు నచ్చకపోతే వాదించకండి, ఆరు నెలలాగి వేరే వంతెన మీదుగా తీసుకురండి.

ఎనిమిదో అడుగు: పాడినవారికి చేరేలా చూడండి

ఫైళ్లు పంచకండి, లింకులే పంచండి. బతికున్న కళాకారుల సొంత చానల్ ఉంటే అక్కడి లింకే ఇవ్వండి. ఊళ్లో కచేరీ ఉంటే కూడికను అక్కడికే మార్చేయండి. రవీంద్రభారతి, తుమ్మలపల్లి కళాక్షేత్రం, విశాఖ కళాభారతి, విజయనగరం సంగీత కళాశాల కార్యక్రమాలు చాలావాటికి టికెట్ కూడా ఉండదు. ఒగ్గుకథ, జముకుల కథ, కిన్నెర లాంటివి రికార్డులో వినడానికీ ఎదురుగా వినడానికీ పోలికే లేదు. కుదిరితే ఏడాదికోసారి అందరూ చందా వేసుకుని ఒక జానపద బృందాన్ని పిలవండి. దారి ఖర్చులు వేరుగా ఇవ్వండి, అడిగిన మొత్తం బేరమాడకుండా ఇవ్వండి, భోజనం మీతోపాటే పెట్టండి.

ఇక చివరి పేజీ, ఇంటి పాటలు. వాటికి లింకు ఉండదు, మీరే రికార్డు చేయాలి. ఫ్యాన్ ఆపండి, ఫోన్‌ను మడిచిన తువ్వాలు మీద పెట్టండి, పాడేవారికి మూరెడు దూరంలో ఉంచండి. విమానం మోడ్‌లో పెట్టండి. పాట ముందు వాళ్ల పేరు, ఊరు, పాట ఎవరి దగ్గర నేర్చుకున్నారో వాళ్ల గొంతుతోనే చెప్పించండి. ఎవరెవరికి వినిపించవచ్చో అడగండి, వద్దంటే అక్కడితో ఆపేయండి.

మా చిన్నత్త గొబ్బి పాట అలాగే రికార్డు చేశాను. రెండు చరణాలు పాడి మూడోది గుర్తురాక ఆగిపోయింది. ఎంత ఆలోచించినా రాలేదు. "పోనీలే అత్తా, ఇది చాలు" అని వచ్చేశాను. రాత్రి పదిన్నరకు ఫోన్ చేసింది. "ఒరేయ్, వచ్చింది రా, మూడోది వచ్చింది! మళ్లీ పోకముందే రికార్డు పెట్టు" అంది. ఫోన్ స్పీకర్ మీద పెట్టి, రెండో ఫోన్‌తో రికార్డు చేశాను. వెనకాల ఎక్కడో కుక్క మొరుగుతోంది, అత్త గొంతు కాస్త బొంగురుపోయింది. ఈ నెల కూడికలో మొదటి పాట అదే. అత్తను కూడా రమ్మన్నాం. పాలబ్బాయికి ఆ పూట రావద్దని ముందే చెప్పిందట.